మోకాలి కట్టు

టాంపినీస్, సింగపూర్
జనవరి 28

తమ్ముడు ఏడుకొండలుకు అక్క అరుణమ్మ దీవించి రాయించేది.

నేను బాగున్నాను. నువ్వు ఎలా ఉన్నావని ఫోన్లో అడిగితే నీకు వినపడదు. నేను అరిస్తే పక్కింటి చీనా ఆయన వచ్చి తలుపు కొడతాడు. అందుకని ఉత్తరం. రాస్తున్నది నిగార్. మా అంతస్తులోనే మూడిళ్ళ అవతల ఉంటుంది. వరంగల్ పిల్ల. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు గానీ పదో తరగతి దాకా చదివింది తెలుగులోనే. నేను నా మాట చెబుతాను, ఆమె దాన్ని పుస్తకంలో మాటలా దిద్ది రాస్తుంది. దిద్దొద్దంటే వినదు. ఈమె మొగుడు ఖాలిక్ బస్సు దిగుతూ చీలమండ మడతపెట్టుకుంటే మూడు కట్లతో నడిపించాను. ఆ విశ్వాసం మీద ఓపిగ్గా కూర్చుని రాస్తోంది.

కొడుకుతోనే రాయించవచ్చు కదా అంటావు. ఈ సంగతి కేశవరావుకు తెలియకూడదు. కోడలు కీర్తికకు అసలే తెలియకూడదు.

సంగతి మనవరాలిది. మా నిఖిలకు పదిహేడు నిండాయి. ఫుట్‌బాల్ ఆడుతుందని నీకు చెప్పాను, నువ్వు నవ్వావు. ఇప్పుడు నవ్వవు. మా బ్లాకు కింద ఖాళీ జాగాలో ఒక గోడ ఉంది. దాని మీద బంతి బొమ్మ వేసి, అడ్డంగా ఎర్ర గీత కొట్టారు, ఇక్కడ ఆడకూడదని. ఏడేళ్ళప్పుడు సరిగ్గా ఆ బొమ్మకే గురిచూసి తన్నేది. నేను కాపలా. ఎవరైనా వస్తుంటే దగ్గేదాన్ని. అట్లా నేర్చుకున్న పిల్ల ఇప్పుడు కుడి అంచున బంతి తీసుకుని పోతుంటే ముగ్గురు కలిసి ఆపలేరు.

అమెరికాలో కాలేజీలు ఆడే పిల్లల కోసం దేశాలన్నీ వెతుకుతాయట. మన దగ్గర మార్కులు చూసి సీటిస్తారు. అక్కడ మార్కులతో పాటు కాళ్ళు కూడా చూస్తారు. నిఖిల తన ఆట వీడియోలు నలభై కాలేజీలకు పంపింది. ఒక కాలేజీ కోచ్, ఆడమనిషే, జవాబు రాసింది. తర్వాత వీడియోలో మాట్లాడింది. ఎత్తెంత, బరువెంత, నలభై మీటర్లు ఎన్ని సెకన్లు, అమ్మానాన్నల ఎత్తెంత, ముందెప్పుడైనా దెబ్బలు తగిలాయా. పశువుల సంతకు నాయన మనల్ని తీసుకుపోయిన రోజు గుర్తొచ్చింది. పళ్ళు చూపించమని ఒక్కటే అడగలేదు. నేను వెనక కూర్చుని ఉంటే, ఆమె ఎవరని అడిగింది. అవ్వ అని చెప్పింది నిఖిల. నేను దండం పెట్టాను. ఆ దొరసాని కూడా పెట్టింది.

మార్చి సెలవుల్లో ఆ కోచ్ ఇక్కడికి వస్తుంది. ఇంకా నాలుగైదు కాలేజీల వాళ్ళు వస్తారు. నాలుగు రోజులు ఆడిస్తారు. ఆఖరి ఆటలో నచ్చితే మన పిల్లకు చోటు ఖాయం. ఈ పిల్ల మూడేళ్ళుగా తెల్లారి లేచి పరిగెత్తింది ఆ ఒక్క రోజు కోసం.

పోయిన వారం ఆటలో ఒంటికాలి మీద తిరుగుతూ పడింది. మోకాలు వాచింది. నాలుగు రోజులకు వాపు తీసింది, నడుస్తోంది. కానీ మెట్లు దిగేటప్పుడు మోకాలు పక్కకు జారినట్టు ఉందంటుంది. నా గదిలోకి వచ్చి తలుపు వేసి, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర "లా" తగిలిస్తూ చెప్పింది: "అవ్వా, అమ్మకి చెప్పకు లా. హాస్పిటల్ అంటే స్కాన్. స్కాన్ అంటే ఫినిష్. కోచ్‌కి తెలిస్తే నన్ను లిస్ట్ లోంచి తీసేస్తారు. నువ్వు ఖాలిక్ అంకుల్‌కి కట్టావు కదా, అట్లా నాకు కట్టు."

కీర్తికకు తెలిస్తే ఆట ఆపించేస్తుంది. పరీక్షల సంవత్సరం, ఆడపిల్లకు ఈ దుముకుళ్ళు ఎందుకు అని ముందునుంచీ అంటూనే ఉంది. ఆ మాట వింటే నాకు నాయన గుర్తొస్తాడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే పని నీకు నేర్పించాడు, నేను చూసి నేర్చుకున్నాను. పద్నాలుగేళ్ళు వచ్చేదాకా ఆ కొట్టంలో గుడ్డ చించిందీ, నూనె పట్టిందీ, వెదురు బద్దలు చెక్కిందీ ఈ చేతులే. ఉన్నట్టుండి ఒకరోజు, "ఇంక నువ్వు కొట్టంలోకి రావద్దు" అన్నాడు. ఎందుకు నాయనా అంటే చెప్పలేదు. చెప్పేదేముంది, ఆడపిల్లను. నాకు డెబ్బై ఆరు వచ్చినా ఇంకా ఆ గడప బయటే నిలబడి ఉన్నట్టుంటుంది. నా మనవరాలిని ఏ గడప బయటా నిలబడనివ్వను.

నువ్వు కాచే నూనె రెండు సీసాలు పంపు. నాయన బద్దలు రెండు నా పెట్టెలో ఉన్నాయి. మిగతాది నా చేతులు చూసుకుంటాయి.

అక్క అరుణమ్మ వేలిముద్ర


ఎగువ కండ్రిగ
ఫిబ్రవరి 16

అక్కకు తమ్ముడు ఏడుకొండలు నమస్కారాలతో రాసేది.

నీ ఉత్తరం అందింది. నిగారమ్మ చేతిరాత చక్కగా ఉంది. నీ గొంతు మాత్రం ఆ దిద్దుబాట్లలోంచి కూడా వినపడింది. ఈ మధ్య నాకు వినపడే గొంతు అదొక్కటే.

ఇక్కడ అందరం క్షేమం. కొట్టానికి మనుషులు వస్తూనే ఉన్నారు. ఎముక సర్దేటప్పుడు వాళ్ళు అరిచినా నాకు తెలియదు కాబట్టి చెయ్యి ఆగడం లేదు. పెద్దాయన కట్టు ఇప్పుడు త్వరగా అయిపోతోందని మెచ్చుకుంటున్నారు. చలికాలం నా కాలు పట్టేసింది. అది ఎప్పుడూ ఉండేదే, నీకు తెలిసిందే.

నూనె రెండు సీసాలు ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో పెట్టాను. సీసా మూతలకు మైనం పోశాను, కారదు. రోజూ సాయంత్రం గోరువెచ్చగా చేసి పైపైన రాయి. అంతవరకే.

అక్కా, కట్టు మాత్రం కట్టవద్దు. నాయన చేతికి కట్టాడు, ముంజేతికి కట్టాడు, పిక్క ఎముకకు కట్టాడు. మోకాలికి కట్టేవాడు కాదు. మోకాలు జారుతోందని ఎవరైనా వస్తే బస్సెక్కించి ఆస్పత్రికి పంపేవాడు. నేనూ అదే చేస్తున్నాను. బద్దలు బిగిస్తే బిడ్డకు కాలు గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ ధైర్యంతో అడుగు వేస్తుంది. లోపల తెగి ఉన్నది మన వేళ్ళకు అందదు.

ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానని అడగవద్దు. నా మాట మీద గౌరవం ఉంచు. పిల్లను డాక్టరుకు చూపించు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది ఆడుతుంది.

నిఖిలకు నా ఆశీస్సులు. ఈసారి నవ్వలేదు.

తమ్ముడు
ఏడుకొండలు


టాంపినీస్, సింగపూర్
ఏప్రిల్ 9

తమ్ముడికి,

దీవెనలు అవీ తర్వాత. ఇది ఉత్తరం అనుకోవద్దు. పదిమందిలో నిలబెట్టి నన్ను అడుగుతున్నారు, నేను జవాబు చెబుతున్నాను, అట్లా విను. ఒక్క మాట వదలకుండా రాయాలని నిగార్‌కు చెప్పాను.

నిఖిల కాలు పోయింది. ఉంది, కానీ పోయింది.

మూడు వారాలు రోజూ నూనె పట్టాను. ఆటలు మొదలైన నాలుగు రోజులూ పొద్దున్నే మోకాలికి రెండు పక్కలా నాయన బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, పైన నల్లటి తొడుగు వేశాను. బద్దలు చిటికెన వేలంత సన్నవి, ఎవరికీ కనపడవు. మొదటి రోజు సాయంత్రం వచ్చి, "అవ్వా, స్టీల్ లాగా ఉంది" అంది. రెండో రోజు, మూడో రోజు ఏ ఇబ్బందీ లేదు. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

ఆఖరి రోజు నేనూ పోయాను. కేశవకు ఆఫీసులో పని, అది ఊరికి ఆ చివర వన్-నార్త్ అనే పేటలో ఉంది, రాలేనన్నాడు. కీర్తిక నన్ను టాక్సీలో తీసుకుపోయింది. ఎండ మండిపోతోంది. కోచ్‌లందరూ నీడలో కుర్చీలేసుకుని, చేతుల్లో పలకల్లాంటివి పట్టుకుని గీసుకుంటున్నారు. మన దొరసాని టోపీ పెట్టుకుని చివర కూర్చుంది. నిఖిల బంతి తీసుకుని పోతుంటే, తమ్ముడూ, నాకు ఆట తెలియదు గానీ పని తెలిసిన ఒళ్ళు ఎట్లా ఉంటుందో తెలుసు. మొదటి సగంలో ఒక గోలు కొట్టింది. దొరసాని లేచి నిలబడింది. ఎప్పుడూ ఆట వద్దనే కీర్తిక కూడా నా చెయ్యి పట్టుకుని లేచింది. నిఖిల అమ్మ వైపు చూడలేదు, నా వైపు చూసింది.

రెండో సగంలో పడింది. ఎవరూ తగల్లేదు. కాలు ఆనించి తిరిగింది, పడింది. అంత దూరానికి ఏమీ వినపడదంటారు. నాకు వినపడింది.

దొరసాని కూడా పరిగెత్తింది. తొడుగు కిందికి లాగితే నా గుడ్డ, నా బద్దలు బయటపడ్డాయి. ఒక బద్ద చేతిలో పట్టుకుని ఇదేమిటని అడిగింది. "మై గ్రాండ్‌మదర్స్" అంది పిల్ల. అప్పటికి ఏడుస్తోంది. దొరసాని తలెత్తి జనంలో నన్ను వెతికింది. వీడియోలో నాకు దండం పెట్టిన మనిషే.

ఆపరేషను చేశారు. లోపలి నరం మొత్తం తెగింది, పక్కన మెత్తటి భాగం చీలింది. జనవరిలోనే వచ్చి ఉంటే సగం తెగిన దశలో ఆపేవాళ్ళమన్నాడు డాక్టరు. నడక వస్తుందట. పరుగు సంగతి ఏడాది తర్వాత చూద్దామన్నాడు. ఆట సంగతి అడిగితే కాగితాలు సర్దుకున్నాడు. పది రోజులకు దొరసాని దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నామని, ఈ ఏడాది చోటు ఇంకొకరికి ఇచ్చామని. అంత మర్యాదగా ఎట్లా రాస్తారో.

ఇప్పుడు ఇంట్లో సంగతి విను. కేశవ ఆఫీసుకు పోతూ వస్తూ నా గది ముందు ఆగడం లేదు. కీర్తిక ఆస్పత్రి వరండాలో అందరి ముందూ నన్ను అన్నది: "అత్తయ్యా, మీకు మీ చేతులు ముఖ్యం. నా కూతురి కాలు కాదు." నిఖిల అన్నం పెడితే తింటుంది. ఫోను చూసుకుంటుంది. ఎదురుగా కూర్చుంటే పక్కకు జరుగుతుంది.

నేను అడిగేది ఒక్కటే. వాపు తీసిన మాట నిజమా కాదా? మూడు రోజులు ఆడిన మాట నిజమా కాదా? ఖాలిక్ ఇవాళ ఈ బ్లాకు మెట్లన్నీ ఎక్కి దిగుతున్నాడా లేదా? మరి తప్పు కట్టుదా? ఆ గడ్డిది కావచ్చు, ఆ బూట్లకు ఉండే మేకులది కావచ్చు.

నువ్వు వద్దని రాశావు కదా అంటావు. రాశావు. నీ కాగితం నూనె సీసాలతోనే వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు నిగార్ వరంగల్ పోయి ఉంది. చదివేవాళ్ళు లేరు. కొడుకుకు ఇవ్వలేను, కోడలికి ఇవ్వలేను. దిండు కింద పెట్టుకున్నాను. ఆమె తిరిగొచ్చి చదివేసరికి ఆట అయిపోయింది. చదువు రాని దానికి కాగితంలో ఏముందో ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ నిగార్ కలం ఆపి నా మొహం చూస్తోంది. రాయమ్మా అన్నాను. రాస్తోంది.

నువ్వు చేయవలసింది ఇదీ. కేశవకు నీ చేత్తో ఒక ఉత్తరం రాయి. అరవై ఏళ్ళుగా కట్టు కడుతున్న మేనమామవి, నీ మాట కాదనడు. అమ్మ కట్టిన కట్టులో తప్పు లేదని రాయి. నాకు ఈ ఇంట్లో తలెత్తుకుని ఇంత అన్నం తినే వీలు కావాలి. అంతే.

అరుణమ్మ వేలిముద్ర


ఎగువ కండ్రిగ
ఏప్రిల్ 29

అక్కకు,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. రోజూ కాగితం ముందు పెట్టుకుని కొట్టంలో కూర్చుంటున్నాను. నిన్న వచ్చినవాళ్ళను కూడా తిప్పి పంపించాను.

నువ్వు అడిగినట్టు కేశవకు ఉత్తరం రాశాను. ఇందులోనే విడిగా మడిచి పెట్టాను. కట్టులో తప్పు లేదని మాత్రం రాయలేదు. తప్పు నాది అని రాశాను. వద్దని చెప్పిన నా కాగితం నీకు చదివి వినిపించేవాళ్ళు లేకపోయారని, మోకాలి సంగతి అక్కకు అరవై రెండేళ్ళ కిందటే తెలియవలసి ఉండగా నేను చెప్పలేదని, అందువల్ల ఈ పాపంలో ఆమె పాలు లేదని రాశాను. అతనికి ఇవ్వు.

ఇంక నీకు చెప్పవలసింది ఉంది. నిగారమ్మా, ఇది నెమ్మదిగా చదువు తల్లీ.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నాయన తిరుత్తణి పోయి మూడు రోజులు రాలేదు. నేను గోడ దూకి మోకాలు మడతపెట్టుకున్నాను. అమ్మ చేనులో ఉంది. నువ్వే నన్ను ఎత్తుకుని కొట్టంలోకి తీసుకుపోయావు. నీకు పద్నాలుగు. గుడ్డు తెల్లసొన, మినప్పిండి కలిపి పట్టు వేశావు. బద్దలు పెట్టి బిగించావు. నొప్పి తెలియకుండా పోయింది. రెండో రోజే, "లేచి నడువు, నా కట్టు ఊడదు" అన్నావు. నడిచాను. మూడో రోజు పరిగెత్తమన్నావు. పరిగెత్తాను. లోపల ఏదో తాడు తెగినట్టయింది. నీకు చెప్పలేదు. నీ మొహం అంత వెలిగిపోతోంది.

నాయన వచ్చి కట్టు విప్పి, మోకాలిని అటూ ఇటూ కదిపి చూశాడు. తర్వాత నన్ను భుజాన వేసుకుని బావి దగ్గరికి తీసుకుపోయాడు. "కట్టు విప్పాక బావి మెట్ల మీద పడ్డానని చెప్పు. అక్కకు ఈ మాట ఎప్పుడూ చెప్పొద్దు. చెబితే దాని చెయ్యి చచ్చిపోతుంది" అన్నాడు. ఆ సాయంత్రమే నిన్ను కొట్టంలోకి రావద్దన్నాడు. అప్పటి నుంచే ఆయన మోకాళ్ళు ముట్టుకోవడం మానేశాడు.

ఆడపిల్లవని కాదక్కా. నీ చెయ్యి నాకంటే మంచిదని నాయన నాతో ఎన్నోసార్లు అన్నాడు. నువ్వు ఆడపిల్లనని ఆపాడనుకుంటున్నావని మా ఇద్దరికీ తెలుసు. ఆ కోపం నీకు మంచిదే అనుకున్నాం. ఈ నిజం కంటే అది తేలిక అనుకున్నాం.

ఫిబ్రవరిలో నీకు రాసేటప్పుడు ఈ మాట కలం చివరి దాకా వచ్చింది. "ఎందుకని అడగవద్దు" అని దాటేశాను. రాసి ఉంటే, కనీసం ఎవరితోనైనా ఫోన్లో చెప్పించి ఉంటే, బిడ్డ కాలు నిలిచేది. నా కాలు నా మౌనంతో పోలేదు. నిఖిలది పోయింది.

నన్ను క్షమించమని అడగను. నూనె పంపింది కూడా నేనే.

ఏడుకొండలు


టాంపినీస్, సింగపూర్
జూన్ 3

తమ్ముడు ఏడుకొండలుకు,

నువ్వు కేశవకు రాసిన ఉత్తరం తిప్పి పంపుతున్నాను. మడత విప్పలేదు. అతనికి ఇవ్వలేదు.

నీకు అబద్ధం రాయించాను. నిగార్ వరంగల్ పోలేదు. నీ పార్సిల్ ఒక గురువారం వచ్చింది. ఆ సాయంత్రమే ఈమెను పిలిచి చదివించుకున్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. నువ్వు రాసిన ప్రతి మాటా నాకు తెలుసు. తెలిసే కట్టాను.

ఏప్రిల్‌లో ఆ అబద్ధం రాయమంటే ఈ పిల్ల కలం కింద పెట్టేసింది. "నేను రాయనమ్మా. అబద్ధమని తెలిసి రాస్తే అండ్ల నా చెయ్యి కూడా ఉన్నట్టే గద" అంది. నీ మొగుడి కాలు మరిచిపోయావా అన్నాను. ఆ ఒక్క మాటతో తల వంచుకుని రాసింది. చేసిన మేలును ఎత్తి చూపి పని చేయించుకున్నాను, ఈ వయసులో. ఈ మాటలు కూడా ఆమే రాస్తోంది. ఇవి దిద్దవద్దని చెప్పాను. ఈసారి విన్నది.

ఎందుకు కట్టానో చెబుతాను. ఇది వాదన కాదు, ఎట్లా జరిగిందో చెప్పడం. నీ కాగితంలో, డాక్టరుకు చూపించు అన్న మాట దాకా బాగానే విన్నాను. "ఎందుకు అని అడగవద్దు" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. కొట్టంలోకి రావద్దన్న రోజు నాయన దగ్గరా అదే. ఎందుకో చెప్పడు. మగవాళ్ళిద్దరూ కలిసి మళ్ళీ నన్ను గడప బయట నిలబెట్టారనుకున్నాను. నీ మాట తప్పని చూపించాలనుకున్నాను. పిల్ల మోకాలు నా చేతుల్లో ఉంది, నేను నాయనతో పోట్లాడుతున్నాను. కీర్తిక ఆస్పత్రిలో అన్నది నిజమే. నాకు నా చేతులే ముఖ్యమైనాయి.

నువ్వు తప్పంతా నీ మీద వేసుకోకపోతే, నేను ఆ అబద్ధంతోనే పోయేదాన్నేమో. నీ ఉత్తరం చదివించుకున్నాక రెండు వారాలు ఏమీ రాయించలేదు. నిగార్ వచ్చి, ఏమైనా రాయాలా అమ్మా అని అడిగి వెళ్ళేది.

మొన్న ఆదివారం నిఖిల బ్లాకు కింద కర్రలతో నడక నేర్చుకుంటోంది. నేనూ దిగాను. ఆ బంతి బొమ్మ ఉన్న గోడ పక్కన రాతి బల్ల ఉంది, దాని మీద కూర్చుంది. ముందు దానికే చెప్పాలనుకున్నాను.

"నిఖిలా, కట్టు వద్దని తాత ముందే రాసినాడే. ఆటకు మూడు వారాల ముందే నాకు తెలుసు. తెలిసే కట్టినా" అన్నాను.

"తెలుసు అవ్వా" అంది.

"ఏం తెలుసు?"

"ఆ రోజు ట్రైనింగ్ నుంచి వచ్చి గేట్ బయట షూస్ విప్పుతున్నా. నిగార్ ఆంటీ చదువుతున్నారు. నువ్వు మళ్ళీ చదవమన్నావు. టూ టైమ్స్ విన్నా."

నేను ఆ బల్ల మీద దాని పక్కన కూర్చున్నాను. "విని ఎందుకు కట్టించుకుంటివి తల్లీ? వద్దని నాతో ఒక్క మాట అనకూడదా?"

అది కర్రల వైపు చూస్తూ చెప్పింది. కోపం లేదు. ఉంటే బాగుండేది. "తాత డేంజర్ అన్నారు. అది నువ్వు కూడా విన్నావు. విన్నాక కూడా నెక్స్ట్ డే నువ్వు పెట్టెలోంచి బద్దలు బయటికి తీశావు కదా. సో, తాత కంటే నీకే ఎక్కువ తెలుసు అనుకున్నా లా."

అంతే, తమ్ముడూ. అరవై రెండేళ్ళ కింద నువ్వు ఎందుకు పరిగెత్తావో నాకు అప్పుడు అర్థమైంది. నా మొహం చూసి పరిగెత్తావు. ఇదీ అంతే.

కాసేపటికి అది లేవబోతుంటే దాని మోకాలు పట్టుకోబోయాను. అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. "వద్దు అవ్వా, ఫిజియో ఎవర్నీ టచ్ చెయ్యొద్దన్నారు" అంది. మెత్తగానే అంది. చెయ్యి వెనక్కి తీసుకుని కర్రలు అందించాను.

ఆ సాయంత్రం కేశవకు, కీర్తికకు భోజనాల దగ్గర చెప్పాను. నీ కాగితం, దాన్ని దిండు కింద దాచిన సంగతి, నిగార్ పేరు మీద ఆడిన అబద్ధం, అన్నీ. కేశవ కంచం ముందు నుంచి లేచిపోయాడు. కీర్తిక నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి లోపలికి పోయింది. అది క్షమించడమో, ఇంక మాట్లాడేదేమీ లేదనడమో నాకు తెలియలేదు. తిన్నాను.

బద్దలు ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో, పిల్ల ఆ రోజు వేసుకున్న బట్టలతో పాటు ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ విప్పలేదు. కీర్తికను అడిగి తీసుకున్నాను. ఒకదానికి గడ్డి పసరు అంటింది, తుడవలేదు. ఈ పార్సిల్లో పెడుతున్నాను. నాయనవి, కొట్టంలో వాటి చోట పెట్టు. నేను ఇంక ఎవరికీ కట్టను. తెలిస్తే నా చెయ్యి చచ్చిపోతుందనే నాయన నాకు చెప్పకుండా దాచాడు. ఇప్పుడు తెలిసింది, ఆయన భయపడినట్టే అయింది.

ఒకటి అడుగుతాను. ఈ ఒక్కదానికి తప్పించుకోకుండా జవాబు రాయి. నీ ఉత్తరం విన్నప్పటి నుంచి కళ్ళు మూసుకుని నువ్వు నడుస్తుంటే చూడాలని ప్రయత్నం చేస్తున్నాను. చేను గట్టు మీద, బడి దారిలో, నా పెళ్ళిలో. ఎక్కడ చూసినా నేనే ముందు నడుస్తున్నాను. నువ్వు నా వెనక ఎక్కడో వస్తున్నావు. కుంటే చప్పుడు వినపడుతోంది, నువ్వు కనపడడం లేదు.

నేను పాడు చేసింది నీ కుడికాలా, ఎడమకాలా?

అక్క అరుణమ్మ వేలిముద్ర